పేరు చెప్పని వేరు

మా అమ్మ చేతిలో వేరు ఉందని మా ఊరంతా అనేవారు. సోంపేటకు తూర్పున, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది మా ఊరు. వేటకు వెళ్లిన మనిషికి జెల్ల ముల్లు గుచ్చుకున్నా, టేకు చేప తోకతో కొట్టినా, సరుగుడు తోటలో ఏ పురుగో కుట్టినా, మోసుకొచ్చి మా గుమ్మం ముందే కూలేసేవారు. అమ్మ సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, చిటికెన వేలంత వేరుముక్కను అరగదీసేది. ఆ గంధం సగం గాయానికి పూసి, సగం ఉంగరపు వేలితో తీసి నాలుక మీద పెట్టేది. ప్రతిఫలంగా కొబ్బరికాయ ఇచ్చినా పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే వేరు పనిచెయ్యదని మా నాన్నమ్మ చెప్పి పోయిందట.

ఆ వేరుకు ఇంకా కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. తవ్వడానికి ఇల్లు వదిలింది మొదలు తిరిగి గుమ్మం తొక్కేదాకా నోరు విప్పకూడదు. ఆ మొక్క పేరు ఎవరి ముందూ పలకకూడదు. పలికితే ఆ చేతిలో వేరు చచ్చిపోతుంది. పనిచెయ్యదు అనేవారు కాదు, చచ్చిపోతుందనే అనేవారు. తన తర్వాత ఇంట్లో ఎవరు తవ్వాలో ఆ ఒక్కరికి, ఒక్కసారి, వేలితో చూపించాలి. నాన్నమ్మ మా అమ్మకు అలాగే చూపించింది. అందుకని మా ఇంట్లో దాన్ని వేరు అనే అనేవాళ్లం. నాకు నలభై దాటేదాకా అది చెట్టు వేరో తీగ వేరో కూడా తెలియదు.

మా అయ్యకు మాత్రం అది మందు కాదు, అలవాటు. వేటకు పోయే ప్రతి వేకువా పరగడుపున అమ్మ శనగగింజంత గంధం ఆయన నాలుక మీద పెట్టేది. చేదు దిగడానికి ఆయన చెంబెడు నీళ్లు తాగి, చుట్ట వెలిగించుకుని ఒడ్డుకు నడిచేవాడు. ముందే గంధం లోపలికి దిగి ఉంటే నీళ్లలో ఏది కరిచినా విషం పైకెక్కదని నమ్మకం. తెప్ప పోయి ఫైబరు బోటు వచ్చింది, తెడ్డు పోయి ఇంజను వచ్చింది, గంధం మాత్రం పోలేదు. నడుం నొప్పి మొదలయ్యాక వేట లేని రోజుల్లోనూ పెట్టించుకునేవాడు. ముప్పై ఏళ్లకు పైమాటే. కర్పూరం, తడి మట్టి కలిసినట్టుండే ఆ వాసనే నాకు మా ఇంటి వాసన.

నేను పలాసలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. వారమంతా కాశీబుగ్గలో అద్దె ఇంట్లో నా భార్యతో ఉంటాను, ఆదివారానికి ఊరు చేరతాను. మా కాలేజీ చుట్టూ జీడిపిక్కల ఫ్యాక్టరీలు. పిక్క పెంకులో ఉండే నూనె చేతుల్ని కాలుస్తుంది, అందుకని పిక్కలు కొట్టే ఆడవాళ్లు వేళ్లకు ఆముదం, బూడిద రాసుకుని కూర్చుంటారు. వాళ్ల పిల్లలే నా క్లాసులో ఉంటారు. ఏటేటా కర్బన రసాయనం మొదలుపెట్టే రోజున మీ అమ్మల వేళ్లు చూశారా అని అడిగి, అక్కడి నుంచే పాఠం ఎత్తుకుంటాను. మొక్కకు కాళ్లు లేవు, పారిపోలేదు. తినడానికి వచ్చినదాని నోరు కాలేలా, కడుపు తిప్పేలా, గుండె ఆగేలా ఏదో ఒకటి పెంకులోనో వేరులోనో పువ్వులోనో దాచుకుంటుంది. మన కోసం అది ఏదీ తయారుచెయ్యదు. గన్నేరు వేరులో ఉన్నది గుండెను ఆపుతుంది. బిళ్ల గన్నేరులో ఉన్నది క్యాన్సరుకు మందయింది. ఇసక దిబ్బల మీద ఎర్రగా, పసుపుగా పూసే అగ్నిశిఖ దుంపలో ఉన్నది కాస్తయితే కీళ్ల నొప్పి తగ్గిస్తుంది, మరికాస్తయితే మనిషినే తీసుకుపోతుంది. ఈ పాఠం బాగా చెబుతానని నాకు పేరుంది. చెప్పేటప్పుడు నా గొంతు నాకే నచ్చుతుంది. ఇరవై ఏళ్లు ఈ పాఠం చెప్పిన మనిషి, సొంత ఇంట్లో సానరాయి మీద అరుగుతున్నదేమిటో ఒక్కసారి అడగలేదు.

మా ఉద్దానంలో అక్షరం ముక్క రాని ముసలివాళ్లకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటి ఉంది. "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు, వలలో చేపలెన్ని పడ్డాయని అడిగినంత మామూలుగా. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు, ఇంత పచ్చని చోట కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఎవరూ తేల్చలేదు. ఎందరో వచ్చి బోరు నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. వేరు ముఖం చూడని ఇళ్లలోనూ ఉంది ఆ జబ్బు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత నేను రాయబోయేది చదివి మా అమ్మే ఊరిని చంపిందని ఎవరూ అనుకోకూడదు.

మా అయ్య కాళ్లు వాచిన ఏడాది ఆయన్ని పలాస తీసుకొచ్చి పరీక్షలు చేయించాను. క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీ డాక్టరు నెమ్మదస్తుడు. కాగితాలన్నీ చూసి, అయ్య వైపు తిరిగి, "నాటు మందులేమైనా వాడారా పెద్దాయనా? పసరు, వేరు, చూర్ణం, ఏదైనా సరే చెప్పండి" అని అడిగాడు.

అయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల చూసింది.

"నేదు బాబూ" అన్నాడు అయ్య.

డాక్టరు నా వైపు చూశాడు. చదువుకున్నవాణ్ణి కదా, నా మాట నమ్మదగిన మాట. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. వేరు సంగతి నాకు గుర్తు రాలేదని కాదు, వచ్చింది. కానీ అంతకుముందే ఆ డాక్టరుతో నేను కెమిస్ట్రీ లెక్చరర్నని చెప్పుకుని ఉన్నాను. ఇప్పుడు మా ఇంట్లో మా అమ్మ పేరు చెప్పకూడని వేరు అరగదీస్తుందని, దాన్ని తవ్వేటప్పుడు మాట్లాడకూడదని, ఆయన ముందు ఏ ముఖంతో చెప్పను?

"లేదండీ. అలాంటివేవీ మా ఇంట్లో లేవు" అన్నాను. చక్కని తెలుగులో అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. బస్సులో ఊరికి తిరిగి వస్తుంటే అమ్మ నా చెయ్యి నిమిరి, "మంచి పని సేసినావు నాయినా" అంది. పేరు అడుగుతాడేమో, చెప్పాల్సి వస్తుందేమో అని ఆమె భయం. పేరు బయటపడితే పోయేది మా ఒక్క ఇంటి మందే కాదు ఆమెకు, ఊరందరి వేరు అది. నాది సిగ్గు, ఆమెది భయం. ఆ పూట రెండూ ఒకే అబద్ధంలో సరిపోయాయి.

మర్నాటి వేకువ నుంచి అమ్మ గంధం కొంచెం పెంచిందని తర్వాత తెలిసింది. జబ్బు చేసిన మనిషికి ఇంకాస్త బలం కావాలని.

మూడేళ్లకు అయ్యకు డయాలసిస్ మొదలైంది. ఎడమ చేతికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చెయ్యి పట్టుకుంటే లోపల నెత్తురు జుమ్మని పరిగెత్తడం వేళ్లకు తెలుస్తుంది. అలల మీద బోటును ఒంటి చేత్తో నిలబెట్టిన మనిషి, ఆ చెయ్యి బరువెత్తకూడదన్నారని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగేవాడు. వారానికి మూడుసార్లు ఆటోలో కేంద్రానికి, నాలుగు గంటలు మిషను పక్కన. రోజంతటికీ ఇన్ని నీళ్లే తాగాలని కొలిచి చెప్పారు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషి చెంబులో నీళ్ల వైపు దొంగచూపులు చూడటం నేను చూడలేకపోయేవాణ్ణి.

అమ్మకు అప్పటికే మోకాళ్లు పోయాయి. ఒక శనివారం సాయంత్రం నేను ఊరు చేరగానే దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నానింక ఇసకలో నడవనేను. వేరు నీకు సూపించీత్తాను."

"నాకెందుకమ్మా? ఆడవాళ్లకు కదా చూపించేది?"

"ఆడోల్లకని ఎవులన్నారు? ఇంట్లో మనిసికి. నీ పెళ్లాం పలాసలో ఉంటాది. నువ్వు వారం వారం వొత్తావు. రేపు ఆదివారం, తెల్లారకుండా ఎల్దుం. తలుపు దాటినాక నోరెత్తకు."

నాకు నవ్వు వచ్చింది, దాచుకున్నాను. ఆమెకు తోడుగా ఉదయపు నడకకు వెళ్తున్నాను అనుకున్నాను.

ఇంకా చీకటి విడవకముందే బయల్దేరాం. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చేతిలో చేవ కర్ర. ఆ వేరుకు ఇనుము తగలకూడదు, గునపం పనికిరాదు. సరుగుడు తోట దాటి, జీడి తోటల కంచె పక్కగా, ఇసక దిబ్బల వెనక మొగలి పొదల దగ్గరికి చేరేసరికి తూర్పున తెల్లబడింది. బోట్లు నీళ్లలోకి దిగుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ ఒక పొద దగ్గర ఆగింది. మొగలి ముళ్ల ఆకుల మీదుగా సన్నని తీగ ఒకటి పాకి ఉంది. ఆమె కొంగు ముడి విప్పి నాలుగు బియ్యం గింజలు మొదట్లో వేసి, దణ్ణం పెట్టి, వేలితో తీగను చూపించింది. నా కళ్లలోకి చూసి తల ఊపింది. తర్వాత కర్ర నా చేతికిచ్చింది.

నేను వంగి తవ్వాను. తల్లివేరు వదిలి, పక్క వేర్లు రెండు తియ్యాలని ఆమె వేళ్లతో సైగ చేసింది. కర్పూరం, తడి మట్టి కలిసిన మా ఇంటి వాసన ఆ గుంటలోంచి లేచింది. లేచి నిలబడేటప్పుడు నా ముఖం ముందుకు ఒక పువ్వు వచ్చింది.

చిన్న పువ్వు. లేతాకుపచ్చ. కింద గుండ్రని చిన్న కుండ, దాని మీద సన్నని గొట్టం, గొట్టం చివర ముదురు ఊదా రంగు నోరు. పురుగు ఆ గొట్టంలోకి దిగితే లోపలి నూగు దాన్ని బయటికి రానివ్వదు. పుప్పొడి ఒంటికి అంటేదాకా ఖైదు. ఆ పువ్వును అంతకుముందు నేను నేల మీద ఎన్నడూ చూడలేదు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక పుస్తకంలో చూశాను. దాని పక్కనే ఒక అణువు బొమ్మ ఉండేది. ప్రకృతిలో దొరికే పదార్థాల్లో నైట్రో సమూహం ఉండటం చాలా అరుదు. ఒక్క మార్కు ప్రశ్నగా అడుగుతారని బట్టీ పట్టాను. అరిస్టోలోకిక్ ఆమ్లం. ఈ కుటుంబపు తీగల్లో వేరు నుంచి పువ్వు దాకా ఉంటుంది. దాని కిందే ఇంకో వాక్యం: మూత్రపిండాలకు విషం. కణాల్లోని జన్యుపదార్థానికి అతుక్కుంటే ఏళ్ల తరబడి వదలదు. ఆ వాక్యం పరీక్షలో రాలేదు.

నా చేతిలో వేర్లు ఉన్నాయి. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను నోరు తెరిచాను. ఆమె వెంటనే నా పెదాల మీద వేలు పెట్టింది.

తిరిగి వచ్చేదంతా మాట లేదు. మోకాళ్ల నొప్పికి ఆమె నా మీద బరువు వేసి నడుస్తోంది. పని ఒకరికి అప్పజెప్పిన మనిషి నిశ్చింత ఆ చేతిలో తెలుస్తోంది. ఆ దారి పొడుగునా నేను ఒక్కటే లెక్క వేశాను. ముప్పై ఏళ్లు, రోజూ శనగగింజంత.

గుమ్మం తొక్కాం. ఇక మాట్లాడొచ్చు. అమ్మ చెంబుతో కాళ్లు కడుక్కుంటూ, "గురుతు పెట్టుకున్నావా?" అని అడిగింది.

"ఆ" అన్నాను. వేర్లు రెండూ తీసుకెళ్లి ఆమె బుట్టలో పెట్టాను. చిన్న ముక్క మాత్రం విరిచి జేబులో వేసుకున్నాను.

ఆ వారమే టెక్కలి వెళ్లాను. అక్కడ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే స్నేహితుడు ఉన్నాడు. తీగ ఫొటో, పువ్వు ఫొటో ఫోనులో చూపించి, వేరుముక్క బల్ల మీద పెట్టాను. తీరిగ్గా ఇంకో వారం ఆగి తీసిన ఫొటోలు కావవి. అమ్మ కాళ్లు కడుక్కుని పడుకున్నాక, అదే రోజు పరిగెత్తుకుంటూ దిబ్బ వెనక్కి పోయి తీసినవి. పొరపాటు పడ్డానని ఎవరైనా చెబుతారేమోనని ఆశ.

అతను ఇలా చూసి అలా చెప్పేశాడు. "ఈశ్వరి. తీగ ఈశ్వరి. ఎందుకు, ప్రాక్టికల్స్‌కా?"

"ఊఁ" అన్నాను.

ఇక ఇక్కడి నుంచి నేను చేసినదానికి ఏ సాకూ లేదు, అయినా ఆ రోజుల్లో నాకు చాలా సాకులు ఉండేవి. అయ్య కిడ్నీలు ఎలాగూ పోయాయి, ఇప్పుడు చెప్తే తిరిగి వస్తాయా. నీళ్ల వల్లనో మట్టి వల్లనో పోయి ఉండొచ్చు, వేరు తాగని వాళ్లకూ పోయాయి కదా. ఏ మనిషినైతే కాపాడుకోవాలని పెట్టిందో, ఆ మనిషినే తన వేలితో చంపుకుంటూ వచ్చిందని ఒక ఆడమనిషికి డెబ్బై ఏళ్ల వయసులో చెప్పాలా. చెప్పకుండానే ఆపొచ్చు అనుకున్నాను. ఆపాను కూడా. "గంధం పెట్టించుకుంటే చేదుకు చెంబెడు నీళ్లు తాగుతున్నావు. డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నాడు కదా. ఇక మానెయ్యి" అని అయ్యతో అన్నాను. అయ్య సరే అన్నాడు. అమ్మ కూడా నీళ్ల మాట విని ఒప్పుకుంది. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. అయ్య నాలుక మీద గంధం ఆగింది, నా పని అయిపోయింది అనుకున్నాను. అమ్మ బుట్టలో వేర్లు ఉన్నాయన్న సంగతి నా మనసుకు రానివ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున పక్క వీధి పిన్ని వచ్చింది. అమ్మకు వరసకు చెల్లెలు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని కంచిలి దాకా నడిచి అమ్మి వచ్చేది. ఇప్పుడు అరుగు ఎక్కడానికి గోడ పట్టుకుంది. పాదాల వాపుకు చెప్పుల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి.

"అప్పా, వేరైపోనాది. ఇంకో ముక్క ఇయ్యి" అంది అమ్మతో.

అమ్మ నన్ను చూపించింది. "నాకాడా అయిపోనాది. ఇంక ఈడే తవ్వుతాడు. ఒరే, పిన్నికి వాపు తగ్గనేదు. వొచ్చే ఆదివారం ఎల్లి తెచ్చిపెట్టు."

"ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావు పిన్నీ?" అని అడిగాను.

"ఆసుపత్రోల్లు క్రియాటిన్ కొద్దిగా పెరిగిందన్నారు గదా, అప్పట్నుంచి. నాలుగు నెల్లు అవుతాది. నువ్వు తవ్వి తెచ్చినావంట గదా, మీ అమ్మ సెప్పింది. మా కోడలితో కూడా అన్నాను, సదువుకున్నోడు తెచ్చిన వేరు, ఊరికే పోదని."

ఆ మాట విన్నాక నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. అరుగు మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వల బాగుచేసుకుంటున్నారు. వీధిలో చేపల బండి ఆగి ఉంది. నేను లేచి నిలబడి, క్లాసులో చివరి బెంచీకి వినిపించేలా మాట్లాడే గొంతుతో ఆ పేరు పలికాను.

"ఈశ్వరి. అది ఈశ్వరి తీగ వేరు. మొగలి పొదల మీద పాకుతుంది. అందులో కిడ్నీలను చంపే విషం ఉంది."

వల కుట్టే చేతులు ఆగాయి. అమ్మ ముఖంలో మొదట కోపం వచ్చింది, నేను దొంగతనం చేసినట్టు. విషం అన్న మాట ఆమెకు ఇంకా చేరలేదు. పేరు ఒక్కటే చేరింది.

"సంపీసినావురా" అంది.

"చావాలనే చెప్పానమ్మా. ఇక నీ చేతి నుంచి ఎవరూ తీసుకోకూడదు."

పిన్నికి మాత్రం విషం అన్న మాట అందింది. తన పాదాల వైపు చూసుకుని, గోడ పట్టుకుని, వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయింది. ఆమెను కోడలితో ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి పంపాను. క్రియాటినిన్ పెరిగింది. వేరు వల్ల పెరిగిందో, జబ్బే పెరిగిందో ఎవరూ చెప్పలేరన్నారు. అది నన్ను వదిలిపెట్టే మాట కాదని నాకు తెలుసు.

పేరు పలికిన ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా అమ్మ సానరాయి ముందు కూర్చుంది. అన్నం తినలేదు. చివరికి నన్ను పిలిచింది.

"మీ అయ్యకు కూడా నానే పెట్టినాను గదా."

"అదొక్కటే కారణం అని చెప్పలేమమ్మా. తాగని వాళ్లకూ..."

"ఒరే, నాకు పాటం సెప్పకు. అది కూడా ఉందా, నేదా?"

"ఉండొచ్చు" అన్నాను. తర్వాత, "ఉంది" అన్నాను.

ఆమె ఏడవలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"నువ్వు చూపించిన రోజే. పువ్వు చూశాను."

"ఆ రోజు గుమ్మం తొక్కినాక నానే నిన్ను అడిగినాను గదా. గురుతు పెట్టుకున్నావా అని." ఆమె సానరాయి మీద అరచెయ్యి పెట్టి, తుడిచినట్టు అటూ ఇటూ రాసింది. "నాను నోరు ముయ్యమన్నది గుమ్మం దాకానేరా. నాలుగు నెల్లు ముయ్యమన్నేదు."

నేను చాలా మంది చేత తిట్లు తిన్నాను. అంతకంటే న్యాయమైన తిట్టు ఎవరూ తిట్టలేదు.

తర్వాతి డయాలసిస్ రోజున అమ్మ ఆటో ఎక్కింది. మోకాళ్ల వల్ల ఆమె కేంద్రానికి ఎప్పుడూ వచ్చేది కాదు. నేను సెలవు పెట్టి తోడు వెళ్లాను. అయ్యను మిషను పక్క పడక మీద పడుకోబెట్టి సూదులు గుచ్చారు. డాక్టరు రౌండుకు వచ్చాడు. మొదటిరోజు నుంచీ చూస్తున్న అదే డాక్టరు. నేను నోరు తెరిచేలోపు అమ్మ లేచి నిలబడి కొంగు భుజం మీదుగా కప్పుకుంది.

"బాబూ, ఆ రోజు వేరు ఏదైనా వాడినారా అని అడిగినారు. నేదన్నాం. ఉంది. ఈశ్వరి." ఆమెకు ఆ మాట పలకడం అలవాటు లేదు. మళ్లీ అంది. "ఈశ్వరి వేరు. ముప్పయ్యేల్లు నానే పెట్టినాను."

డాక్టరు ఆమెను కోప్పడలేదు. ఎంత పెట్టేవారు, ఎలా పెట్టేవారు, ఇంకా ఎవరెవరికి ఇచ్చారు, అన్నీ అడిగి ఫైల్లో రాసుకున్నాడు. ఆ వేరు ఏళ్లకేళ్లు తాగినవాళ్లకు మూత్రనాళాల్లో గడ్డలు కూడా రావచ్చు, ఒకసారి స్కాన్ చేయిద్దాం అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "మొదట్లోనే తెలిసుంటే అప్పుడే ఆపించేవాణ్ణి సార్, అప్పటి నుంచీ చూసుకుంటూ వచ్చేవాళ్లం" అన్నాడు. ఆ సార్ అన్న మాట దగ్గర నేను తల దించుకున్నాను.

అయ్య పడక మీంచి ఇదంతా వింటున్నాడు. ఆయనకు ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించాను. ఆయనే ముందుగా మాట్లాడాడు.

"ఈశ్వరని నాకెరికే" అన్నాడు.

అమ్మ తల తిప్పి చూసింది.

"పెల్లైన కొత్తలోనే తెల్సు. ఏటకెల్తా దిబ్బ మీంచి సూసినాను, మొగలి పొదల కాడ మీ అమ్మ వొంగోని తవ్వుతుండగా. ఆ తీగ మా అయ్య సిన్నప్పుడే పేరు సెప్పి సూపించీవోడు, పువ్వు బాగుంటాదని."

"మరి డాక్టరు అడిగిన రోజు ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

"నా నోటితో సెప్పీసి సంపీమంటావేటి? ఊరంతా మీ అమ్మ సేతినే నమ్ముకోనున్నారు." మిషను వైపు, గొట్టంలో తిరుగుతున్న తన నెత్తురు వైపు కాసేపు చూశాడు. "మీ అమ్మ సెప్పకూడదు. నాను సెప్పకూడదు. నువ్వేల సెప్పనేదు? నీకడ్డేటి నేదు గదా."

నిలదీయడానికి అడగలేదు ఆయన. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. చదువుకున్నవాడికి ఏదో పెద్ద కారణం ఉంటుందని.

"సిగ్గేసింది అయ్యా" అన్నాను. "డాక్టరు ముందు సిగ్గేసింది."

అయ్య తల ఊపాడు. క్షమించాడో, అర్థం కాలేదో, నేను అడగలేదు. నాలుక ఎండిపోయింది, కాసిన్ని నీళ్లు పెట్టమన్నాడు. ఆ పూటకు ఆయనకు మిగిలినవి అర గ్లాసు. తాగిస్తే ఒక్క గుక్కలో అయిపోతాయి. అందుకని నాలుక తడపమని నర్సు చెప్పింది. అమ్మ గ్లాసు తీసుకుని అందులో ఉంగరపు వేలు ముంచింది. అయ్య నోరు తెరిచాడు. ఆ వేలు ఆయన నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

అయ్య నోరు తెరుచుకునే కొంచెంసేపు చూశాడు. తర్వాత అన్నాడు.

"పెట్టు. నీల్లే గదా."